శాంపిల్ వల

రాత్రి పదకొండు. మినీబైపాస్ పక్కన మా ఆఫీసులో
ఒక ప్రశ్న అడిగి కూర్చున్నా:
గంగపట్నం నుంచి ముప్పై కౌంట్ రొయ్య ఎంత దిగింది, ఏ గుంటలది?
కంప్యూటర్ ఆలోచిస్తూనే ఉంది.
లారీ డ్రైవర్ రెండోసారి టీకి పోయినాడు.
ఐసు కరుగుతోంది.

తప్పు దానిది కాదు.
దాని జేబులో ఉన్న లెక్క రొట్టెల పండగకి ముందర తీసింది.
అప్పటికి అన్నీ వంద కౌంట్ పిల్లలే.
ముప్పై అంటే పదో పన్నెండో ఉంటాయనుకుని
ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని తెస్తోంది,
నాలుగు లక్షలు.

ఇంకో అమాయకత్వం:
ఊరు ఒక గడి, మండలం ఒక గడి,
రెంటికీ చుట్టరికం లేదనుకుంటుంది.
గంగపట్నం అంటే ఇందుకూరుపేటేనని
దానికి చెప్పిన పుణ్యాత్ముడు లేడు.

అట్లయితే రోజూ లెక్క తియ్యచ్చు కదా, అంటాడు మేనేజరు.
తియ్యచ్చు.
ప్రతి గడీ తడిమి చూసేసరికి తెల్లారుద్ది,
తూకం బిల్లులు గేటు దగ్గర ఆగిపోతాయి.
అన్నానికి ఒక్క మెతుకు చాలంటారు.
నిజమే, కుండంతా ఒకే సెగ తగిలితే.

మొన్న మైపాడు దారిలో మస్తానయ్య గుంట మీదికి పోయినా.
ఇంకా చీకటి. ఏరేటర్లు నురగ కక్కుతున్నాయి.
విసురువల భుజానేసుకుని నాలుగు మూలలూ తిరిగినాడు,
నడిమధ్యకి మాత్రం పోలా.
పడినవాటిని ఎంచి, తూచి,
షెడ్డు గోడ మీద బొగ్గుతో ఒక అంకె రాసినాడు.
పాత అంకె చెరపలా.

"రోజూ ఎయ్యవా?"
"ఎట్టేస్తా అబ్బయ్యా.
రోజూ ఏస్తే రొయ్యకి బెదురు, మేత ముట్టదు.
ఎయ్యకపోతే నాకు బెదురు, నేను కూడు ముట్టను.
వారానికోసారి. వానొస్తే ఆ మర్నాడు."
"మరి నడిమధ్య?"
నవ్వినాడు. "అది పట్టుబడినాకనే."

ఈ రాత్రి కౌంటుకీ ఊరికీ మాత్రం
నూటికి ఐదు పాళ్లు చూసి రమ్మన్నా.
డ్రైవర్ల ఫోన్ నెంబర్ల జోలికి పోలా,
వాటినడిగి వెతికే వాళ్లు లేరు.
ఊరూ మండలం చుట్టాలని విడిగా రాసిపెట్టినా.
ఆరు నిమిషాలు.
ఆ ఆరు నిమిషాలూ ముత్తుకూరు బిల్లులు
వాకిట్లో నిలబడి నన్ను తిట్టుకున్నాయి.

మళ్లీ అడిగితే
డ్రైవర్ గ్లాసు కింద పెట్టేలోపల జవాబు.

బయట చినుకులు.
గంగపట్నంలో కూడా పడతా ఉంటే
రేపు ఆయన వల తడుపుతాడు.