ఐదవ స్థలం

తపస్కాలం నాలుగో శుక్రవారం.
వ్యాసర్‌పాడి హౌసింగ్ బోర్డు సందులో
తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా
గుడికి పోతున్నాను.
జేబులో కాగితం:
సిలువ మార్గంలో ఐదవ స్థలం ఈ వారం నాది.
సిరేనియా సీమోను యేసుకు సిలువ మోయుటలో తోడ్పడుట.
మా నాన్న లూర్దయ్య, మిల్లు డ్యూటీ దిగి,
నూనె చేతులతోనే ఏళ్ళ తరబడి చదివిన స్థలం.
నేను మూడు రోజులు అద్దం ముందు చదివాను.
'తోడ్పడుట' దగ్గర గొంతు కొంచెం వణికించాలని కూడా
అనుకున్నాను.

సందు మలుపులో మెట్రో వాటర్ లారీ.
చుట్టూ ఆకుపచ్చ, ఎరుపు, నీలం ప్లాస్టిక్ బిందెలు,
బిందెలకంటే గట్టిగా మోగే గొంతులు.
పక్కకి ఒదిగి దాటిపోబోతుంటే
ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు.

"తంబీ, ఇది ఎత్తు."

బతిమాలడం కాదు. అడగడమూ కాదు.
కన్నియమ్మ పాట్టి (పేరు తర్వాత తెలిసింది)
మోకాలికి పాత చీరపేలిక చుట్టుకుని
నాలుగు బిందెలకి కాపలా నిలబడి ఉంది.
గుడికి టైమైపోయింది పాట్టీ, అన్నాను.
"గుడి ఎక్కడికీ పోదు. లారీ పోతుంది."

ఏం జవాబు చెప్పను?
చుట్టూ చూశాను,
నాకంటే కండ ఉన్నవాడు ఎవడైనా ఉన్నాడేమోనని.
ఇద్దరున్నారు. ఫోన్లు చూసుకుంటున్నారు.

మూడో అంతస్తు.
లిఫ్టు ఉండాల్సిన గోతిలో విరిగిన కుర్చీలు.
మొదటి బిందె మోస్తూ నన్ను నేను మెచ్చుకున్నాను.
రెండోదానికి చొక్కా భుజం తడిసింది.
ఆ తర్వాత పాట్టిని తిట్టుకున్నాను, కనబడని ఆమె కొడుకుల్ని,
కార్పొరేషన్‌ని, ఇంత ఎత్తు మెట్లు కట్టిన మేస్త్రీని.
నా నాలుగు రాకపోకల్లో
పాట్టి ఒక్కసారి పైకి ఎక్కింది, గోడ పట్టుకుని.

చివరి బిందె రెండో అంతస్తు మలుపులో దించి
ఊపిరి తీసుకుంటుంటే సీమోను గుర్తొచ్చాడు.
పొలం నుంచి వస్తున్నాడు పాపం.
ఇంటి దగ్గర తిండి చల్లారిపోతూ ఉంటుంది.
కొడుకుల పేర్లు సైతం రాసిపెట్టాడు మార్కు,
అలెగ్జాండరు, రూఫసు అని.
సరేనన్నాడని మాత్రం ఎక్కడా రాయలేదు.
పట్టుకున్నారు, మోపారు.
ఆ కొయ్య వీపున పడ్డప్పుడు
ముందు నడుస్తున్నవాణ్ని అతనెంత తిట్టుకున్నాడో!
ఆయన వెనక్కి తిరిగి చూశాడో లేదో,
చూస్తే ఆ చూపులో ఏముందో
గుడి గోడమీది పద్నాలుగు బొమ్మల్లో ఒక్కటీ చెప్పదు.
మోసేవాడి మనసు ఎలా ఉన్నా
అవతలి భుజానికి మాత్రం
బరువు తగ్గింది.

గడపలో కూర్చున్న పాట్టి థాంక్స్ అనలేదు.
"సగం మెట్లమీదే పోశావు" అంది.
తర్వాత స్టీలు గ్లాసు ముంచి ఇచ్చింది.
నేను మోసిన నీళ్ళే.
కొంచెం క్లోరిన్ వాసన.
లోపల గోడకి అంకాళమ్మ పటం, ఎండిన దండ.
నిలబడే తాగాను. ఇంకో గ్లాసు అడిగాను.

గుడి చేరేసరికి పన్నెండో స్థలం.
అందరూ మోకాళ్ళమీద ఉన్నారు.
ఐదోది తెరేజమ్మ చదివేసిందట,
కళ్ళజోడు లేక 'తోడ్పడుట' దగ్గర తడబడిందట.
బాలశౌరి ఫాదరు తర్వాత నా చొక్కా చూసి
వానా? అని అడిగారు.
మార్చి నెలలో, మద్రాసులో.
నీళ్ళు ఫాదర్, అన్నాను.
జేబులో కాగితం తడిసి
సీమోను పేరు సిలువలోకి అలుక్కుపోయింది.

ఒక మాట చెప్పడం మరిచాను.
మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేసింది పాట్టి:
"తంబీ! లారీ మళ్ళీ ఆదివారం!"

సీమోనుకి
ఒక్క శుక్రవారంతో పోయింది.