అడ్డగీత ఏడు

పెట్టె నెంబరు నలభై మూడు. డ్రమ్‌కీరా బడి.
తాళం తీసి బల్లమీద బోర్లించారు.
క్రీడాశాల రేకుల మీద లీట్రిమ్ వాన.
ఇనప కంచెకి ఇవతల నేను,
చెవిమీద ఒకటి, చేతిలో ఒకటి, రెండు పెన్సిళ్లతో.
ముట్టుకోడానికి లేదు, చూడొచ్చు.
మడత విప్పుతున్న ఆ అరక్షణంలో
ఒకటి అంకె ఎవరి పేరు పక్కన పడిందో పట్టుకోవడం,
ముప్పై ఒక్క ఏళ్లుగా పార్టీకి నేను చేసే పని.

మీరు నమ్మరు గానీ
చూడకముందే నాకు చాలావరకు తెలుసు.
కొండవాలు ఇళ్లు పదకొండూ మావి.
సరస్సు పక్కవి వాళ్లవి.
ఎందుకంటే అన్నదమ్ములు కాల్చుకున్న ఇరవై రెండులో
ఎవడో ఒకడు ఎవరి గడ్డివాములోనో దాక్కున్నాడు,
ఎవడో ఒకడు ఆ కబురు బ్యారక్సుకి మోశాడు.
పొయ్యిలోకి పీట్ తవ్వుకునే హక్కులాగే
ఓటూ తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది.
కోడలు మాత్రం పుట్టింటి ఓటుని
పెట్టె అడుగున బట్టల మధ్య తెచ్చుకుంటుంది.
దాన్ని మేం కారే చూరు అంటాం,
ఇంటికొకటి చొప్పున లెక్కలోంచి తీసేస్తాం.

పోయినసారి నూట తొంభై ఆరు ఓట్లు.
మాకు ఎనభై, వాళ్లకి డెబ్భై,
పాలకేంద్రం మూసేశాక పుట్టుకొచ్చిన స్వతంత్రుడికి మిగతావి,
ఎర్రజెండా ఆవిడకి ఒకటి.

ఆ ఒకటి ఎప్పుడూ ఒకటే.
హ్యూయీ మెకానిఫ్‌ది.
లివర్‌పూల్ రేవులో పదేళ్లు మూటలు మోసి
నడుంనొప్పితో పాటు ఆ ఓటూ తెచ్చుకున్నాడు.
పార్టీ పేరు మారినా, మనిషి మారినా
ఒకటి అని గీసి, మిగతా గళ్లు ఖాళీ.
పబ్బులో అడిగితే "రహస్య ఓటురా అబ్బాయ్" అనేవాడు.
అందరికంటే ముందు తనే నవ్వేవాడు.
మార్చిలో పోయాడు.
శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ని.
మోస్తూనే లెక్క సరిచేసుకున్నాను,
సిగ్గుచేటే, అయినా చేసుకున్నాను:
నలభై మూడు, ఎర్రజెండాకి సున్నా.

మరి ఇదేమిటి?

నూట పన్నెండో కాగితమో, పదమూడోదో.
ఎర్రజెండా పక్కన ఒకటి.
ఖాళీల్లేవు. రెండు, మూడు, నాలుగు,
ఓపిగ్గా కిందిదాకా, ఏడుదాకా.
ఆ ఏడుకి నడుం దగ్గర అడ్డగీత.

మా వైపు ఎవరూ అలా రాయరు.
మాంసం ఫ్యాక్టరీలో ఎముకలు విడదీసే ఎజెనిల్సన్?
కౌన్సిల్ ఎన్నికల్లో వాళ్లకీ ఓటుందని
ఎవరూ చెప్పలేదు వాళ్లకి. మేమూ చెప్పలేదు.
పశువుల సంతలో టీ పోసే దైవా?
లేక అట్రాక్టా టీచరా,
ఫ్రాన్సు మఠంలో చదివొచ్చి
తను మాత్రం అడ్డగీత పెడుతూ
మమ్మల్ని పెట్టొద్దని మొట్టికాయలేసిన మనిషి?

మలాకీ నా భుజం మీదుగా వంగాడు. తడి కోటు వాసన.
"ఎవరిదది? నీకు తెలియకుండా ఉంటుందా?"
సరిగా కనబళ్లేదన్నాను.
నమ్మడానికని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

రెండో లెక్కింపులోనే ఎర్రజెండా ఆవిడ తప్పుకుంది.
ఆ కాగితం ఆగలేదు.
రెండో అంకె వెంట ఒక కట్టలోకి,
ఆయనా పోతే మూడో అంకె వెంట ఇంకో కట్టలోకి,
ఆఖరి బస్సు తప్పినవాడు
ఊరూరా లారీలు మారినట్టు.
రాత్రి రెండు దాటాక, తొమ్మిదో లెక్కింపులో
ఆఖరి సీటు మాకొచ్చింది. నాలుగు ఓట్ల తేడా.
మావాణ్ని భుజాల మీదికెత్తారు, ఎవరిదో బూటు ఊడింది.
నేను బల్లమీది మా కట్టకేసే చూస్తున్నాను.
అందులో ఎక్కడో, మా పేరు పక్కన,
అడ్డగీత ఏడు.
మమ్మల్ని అంత అడుగున పెట్టిన చెయ్యి.
పెట్టకుండా వదిలెయ్యని చెయ్యి.

తెల్లారగట్ల ఇంటికొచ్చి పట్టీ తెరిచాను.
హ్యూయీ పేరు కొట్టేసిన గడిలో పెన్సిల్ ఆనించి
టీ చల్లారేదాకా కూర్చున్నాను.
ఏ పేరూ రాయలేదు.
సోమవారం సంత ఉంది. రెండు దూడల్ని తోలుకెళ్లాలి.
దైవా చిల్లర లెక్క కాగితం మీద రాసి ఇస్తుంది.
చూడకుండా జేబులో పెట్టుకోగలనో లేదో.