పెన్సిలు రాత

నా ఉద్యోగం చెరపడం.
సిరిపురంలో రేడియో స్టేషను, మెట్ల కింద టేపుల గది.
ఊరంతా ఉక్కపోతతో ఉడికిపోతుంటే నాకొక్కడికే ఏసీ.
చల్లదనం టేపులకి. నేను పక్కన ఉన్నానంతే.

కొత్త టేపుకి ఢిల్లీ నుంచి అనుమతి రావాలి.
అనుమతి కంటే ముందే మంత్రిగారు వచ్చేస్తారు.
పాత స్పూలు తీసి అయస్కాంతం మీద మూడు చుట్లు తిప్పితే
మనిషి గొంతు పోతుంది, టేపు మిగులుతుంది.
అందుకే అట్ట మీద పేర్లు పెన్సిలుతో రాయాలని రూలు.
రబ్బరు ఎప్పుడూ నా జేబులోనే.

రేడియోకి ఏడాదికి పదిహేను రూపాయల లైసెన్సు ఉన్న రోజుల్లో
సెట్టుని బియ్యం డబ్బాలో దాచుకున్నవాళ్ళ గురించి
ఓ పోస్టుమాస్టరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చెరిపాను.
హార్బరు కళాసీ ఒకాయన మాట్లాడింది కూడా.
అది ఎమర్జెన్సీ కాలం. అట్ట మీద "ప్రసారానికి కాదు" అని ఉండేది.
ఆ మాటొక్కటే ఎర్రసిరాతో.

గరికిన పైడితల్లి, జాలారిపేట మనిషి.
బుట్ట గేటు దగ్గర దించమంటే దించలేదు,
స్టూడియో తివాచీ మీద పెట్టుకు కూర్చుంది.
వారం రోజులు కవళ్ళ వాసన వదల్లేదు.
"మీ వార్తలమ్మి ఆగ్నేయం, వాయవ్యం అంటాది.
ఆ గాలికి మాకో పేరుంది బాబూ.
అది సెప్పండి, మా వోళ్ళు ఎనక్కొచ్చేస్తారు."
ఏడు గాలుల పేర్లు చెప్పింది.
ఏది ఏ నెల్లో లేస్తాదో, ముందు ఏ వాసనొస్తాదో.
పదమూడు నిమిషాలు.
ఒక్క సాయంత్రం గాల్లోకి వెళ్ళాయి.

నెల తిరక్కుండా శంకుస్థాపన ప్రసంగం వచ్చింది.

తుపాను రాత్రి, పోర్టులో పదో నంబరు ఎగరేశారు.
కరెంటు పోయి జనరేటరు మీద నడుస్తున్నాం.
బులెటిన్‌కీ బులెటిన్‌కీ మధ్య ఖాళీ నింపడానికి
చేతికందిన స్పూలు ముందుగా హెడ్‌ఫోన్లో విన్నాను.
మంత్రిగారు చప్పట్ల కోసం ఆగినచోట,
అడుగున ఎక్కడో, నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు
"...ఈ గాలికి పడవ తియ్యకూడదు..."

ఏ గాలికి?
మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిప్పాను.
పేరు దగ్గరే అయస్కాంతం బాగా పనిచేసింది.

ఆ రాత్రే అట్ట మీది ప్రసంగం చెరిపి
పైడితల్లి అని సిరాతో రాశాను.
నా సర్వీసులో ఆ ఒక్కటే సిరా.

రిటైరయ్యాక మొన్న పిలిచారు, టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని.
శ్రావ్య అట, కొత్తగా చేరిన పిల్ల.
"పేరు తప్పు పడింది సార్, ఇందులో ఎవరో లీడర్ ఉన్నాడు" అంది.
ఆయన ఆగినప్పుడు విను, అన్నాను.
విన్నది. "నాయిస్ సార్.
తీసేస్తే నీట్‌గా వస్తుంది" అంటూ
వేలు బటన్ దాకా తెచ్చి, నా మొహం చూసి, ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు.
కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది.
ఇదే గాలో.