తుమ్ముకు ఆగని ఊరు

సాయంకాలపు కాలేజీలో ముగ్గురం.
ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు.
పరాంకుశం మాస్టారు చెబుతున్నారు:
నాలుగొందల ఏళ్ళ కిందట, ఎక్కడో చలిదేశంలో
ఒకాయన గది తలుపు వేసుకుని
తాత చెప్పిందీ గురువు చెప్పిందీ
చివరికి తన కళ్ళు చెప్పిందీ
ఒక్కొక్కటే బయటపెట్టి చూశాడట,
ఏది మిగులుతుందో అని.

నాకు వేసుకోడానికి తలుపు లేదు.
పగలు గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
రేకుల కింద ఏప్రిల్.
అయినా సరే, ఆ రాత్రి బస్తాల మీద పడుకుని
నేనూ మొదలుపెట్టాను.

మచ్చు తీసిన గుప్పెడు
బస్తా అంతటికీ సాక్ష్యమా? కాదు.
ఎరుపు? నూనె రాస్తే అన్నీ ఎరుపే.
ధర? అది తువ్వాలు కింద
రెండు చేతుల వేళ్ళు మాట్లాడుకున్న సంగతి,
పండించినవాడికి అందరికన్నా చివర తెలుస్తుంది.
ఈ యార్డు, ఈ లారీలు, అంకమ్మరావు కొట్టు బోర్డు
అంతా కలేమో. సరే, కలే అనుకుందాం.
కళ్ళ మంట మాత్రం పోలేదు.
మంటను సందేహిస్తున్నవాడికే మండుతోంది.
అక్కడ ఆగాను.
అంతకన్నా కిందికి తవ్వడం నాకు చేతకాలేదు.

పొద్దున్నే బేరం కుదిరే వేళ
తొడిమలు తీసే నాగూర్‌బీ తుమ్మింది.
షావుకారు చెయ్యి గాల్లో నిలిచిపోయింది,
"ఒంటి తుమ్ము, కాసేపు ఆగండి."
ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని
"తుమ్ముకల్లా ఆగితే ఈ ఊళ్ళో
ఒక్క బస్తా గేటు దాటదు షావుకారూ" అంది.
అందరూ నవ్వారు.
ఆయనా నవ్వాడు. కానీ ఆగాడు.

ఆ మాటే పరీక్షలో రాశాను,
హేతువు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకి.
మాస్టారు ఎర్రసిరాతో పక్కనొక ప్రశ్నార్థకం పెట్టి
మార్కులు మాత్రం కొయ్యలేదు.

ఇంతకీ చెప్పాల్సింది ఇది కాదు.
నిన్న, ఎందుకో, బస్తా ఎక్కించకముందు
కాటా వంక చూశాను.
ఏమీ లేదు దాని మీద.
ముల్లు సున్నాకి ఇవతలే ఆగి ఉంది,
పావుకిలో.
ఆరేళ్ళుగా దాని మాటే
గట్టిగా చదివి, కింద సంతకం పెడుతున్నాను.
ఎన్ని బస్తాలు, ఎన్ని పావుకిలోలు
లెక్క మొదలెట్టి, మానేశాను.

మర తిప్పాను. తుప్పు. కదలడానికి చాలాసేపు పట్టింది.
వెనక వరస అరుస్తోంది.
క్రోసూరు నుంచి రాత్రంతా ట్రాక్టరు మీద వచ్చిన రైతు
నా భుజం మీదుగా తొంగిచూసి
"ఏం చూస్తున్నావయ్యా అంతసేపు?
కాటా మీద ఏమీ లేదుగా" అన్నాడు.

అదే చూస్తున్నా, పెద్దాయనా.