తూకం చీటీ

కెరిచో కొండమీద, ఆకు కొనే షెడ్డులో
పదకొండేళ్లు కాటా దగ్గర నిలబడ్డాను.
గోనె ఎవరి వీపు మీంచి దిగుతోందో చూసేవాణ్ణి,
చీటీ మీద నంబరు రాసేవాణ్ణి.
నాలుగు సున్నా తొమ్మిది: మొసోనిక్.
దించేది ఎప్పుడూ తబుటనీ.
రెండాకులూ మొగ్గా గిల్లి గిల్లి
నల్లబడ్డ ఆ రెండు వేళ్లు చాచి
భర్త పేరున్న చీటీ అందుకునేది.

మొసోనిక్‌ని నేను చూసింది రెండుసార్లు.
రెండుసార్లూ బోనస్ రోజే.

ఫ్యాక్టరీ బోర్డుకి ఎన్నికలొచ్చాయి.
నిలబడాలంటే సొంత నంబరుండాలి,
సొంత నంబరుకి సొంత పొదలుండాలి.
ఇంట్లో ఎన్ని రాత్రులు మాట్లాడిందో నాకు తెలీదు,
ఒక సోమవారం కాగితం తెచ్చింది.
వాగు పక్కన, ఎండ తగలని వాలులో
మూడొందల నలభై పొదలు.
"మంచివి తనే ఉంచుకున్నాడు" అంది
కాటా ముల్లు కేసి చూస్తూ.

పంతొమ్మిది ఓట్లతో గెలిచింది.
ఆ పంతొమ్మిదీ ఎవరివని
కొండమీద ఇంకా వాదిస్తూనే ఉన్నారు.

మొదటి మీటింగుకి మినిట్స్ రాయమని నన్ను పిలిచారు.
ఎనిమిది సూట్లు, ఒక ఆకుపచ్చ స్వెట్టరు.
ఫ్లాస్కు తెచ్చి స్వెట్టరు ముందు పెట్టారు.
ఎందుకు పెట్టారో గదిలో అందరికీ తెలుసు.

ఒక్క కప్పు వంపుకుంది. తనకి.
గుక్క తాగి, నాలుక మీద ఆపి, మింగి
"బుధవారం ఆకిది" అంది.
"లారీ రాత్రి పదింటికొచ్చింది. అడుగు గోనెలు ఉడికిపోయాయి.
ప్రతి బుధవారం ఇంతే.
వేలంలో ధరెందుకు పడిందనే కదా మీ మూడో అంశం?"

ధర ఎందుకు పడిందో చెప్పే నివేదిక, నలభై పేజీలది,
చైర్మన్ చేతిలో తెరుచుకునే ఉంది.
ఎవరో దగ్గారు.
ఒకాయన తన ఖాళీ కప్పులోకి తొంగి చూశాడు.
"ఎజెండాలో లారీ లేదు" అన్నాడు చైర్మన్,
ఆమెతో కాదు, నాతో.

కాటాకి అబద్ధం రాదు.
పదకొండేళ్లు అబద్ధమాడింది నా పెన్ను,
అదీ రూలు ప్రకారమే, ఒక్క కిలో తేడా లేకుండా.

అంచేత లారీ సంగతి రాశాను.
పది గంటలని రాశాను. ఉడికిన గోనెలు రాశాను.
ఎవరన్నారో రాయబోయి ఆగిపోయి,
బల్ల మీదుగా వంగి, మెల్లిగా
ఆమె పేరెలా రాయాలో అడగాల్సొచ్చింది.