చేప చుట్టలు

మొక్కజొన్నలు మరకి తీసుకెళితే
మరబ్బాయి కోళ్ళకా అని అడిగాడు.
మనుషులకే అన్నాను. నవ్వాడు.

మా ఆయన ఓడలో వంటవాడు.
తొమ్మిది నెలలకోసారి పల్లిపాలెం వచ్చి
పదిరోజులు నిద్రపోయి
పదకొండోనాడు నా పొయ్యి దగ్గర నిలబడతాడు.
నా గరిటెలన్నీ ఆయనకి పొట్టివే.

పొద్దున్నే అంతర్వేది రేవులో కొన్నాం
కానాగంతలు, ఇంకా కళ్ళు తేటగా ఉన్నవి.
పసుపూ ఉప్పూ రాసి ఆవిరి మీద ఉడికించి
పళ్ళెంలో విప్పి పెట్టాక
ముళ్ళు ఏరడం అమ్మమ్మ వంతు.
మా అత్తగారిని కన్నతల్లి, పేరంటాలు.
చూపు ఆనదు. వేళ్ళే చూస్తాయి.
ముల్లు దొరికినప్పుడల్లా పళ్ళెం అంచున పెట్టి
పాత బాకీలు లెక్కేసినట్టు
లోలోపల ఏదో అనుకుంటుంది.

ఉల్లి, పచ్చిమిర్చి, దంచిన అల్లం,
చివర్న గుప్పెడు చింతచిగురు.
అది ఓడలో ఉండదట.
అది నేను వేశాను, అడక్కుండా.

ఉప్పు దగ్గర వచ్చింది తంటా.
నలభైమందికి వండే చెయ్యి
ఐదుగురున్నారంటే నమ్మలేదు.
ఆగండి అనేలోపే పడిపోయింది.
రేపటి పులుసుకని దాచిన రెండు చేపలూ
ఆ ఉప్పుకే ఆహుతి.

రొట్టె చుడితే పగిలింది.
రెండోదీ పగిలింది.
మూడోదాన్ని ఆయన ఏదో దేశపు భాషలో తిట్టాడు,
పిల్లలు వెంటనే నేర్చుకున్నారు.
నేను తడిగుడ్డ పిండి తెచ్చి
వాసెనకుడుములకి కట్టినట్టు
వేడి రొట్టెల్ని మూసి ఉంచాను.
కాసేపటికి ఎటు తిప్పితే అటు తిరిగాయి.

మడత ఊడిపోకుండా పుల్లలు కావాలన్నాడు,
ఓడలో డబ్బాల్లో వస్తాయట.
దొడ్లో రాలిన కొబ్బరిమట్ట నుంచి
ఈనెలు చీరి, కడిగి, విరిచిచ్చాను.
ఆయన నా వంక చూసిన చూపు
పెళ్ళినాటిది కాదు గానీ, దగ్గర్లోదే.

నూనెలో వేస్తే ముందు సంతగోల.
తర్వాత గోల సన్నబడి
ఎక్కడో వాన వెలిసినట్టయింది.
తీసెయ్యండి అన్నాను.
ఎలా తెలుసంటే ఏం చెప్పను,
చెవికి తెలుసు.

దీనికో పేరుందన్నాడు, పలికాడు.
అమ్మమ్మకి నోరు తిరగలేదు.
ఒకటి చేతిలోకి తీసుకుని
బొటనవేలితో పొడుగునా తడిమి
ముక్కు దగ్గర పెట్టుకుని
"చుట్ట కదరా ఇది" అంది.

ఎవరం మాట్లాడలేదు.
అరవయ్యేళ్ళ అడ్డపొగ.
నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని
వలలు అల్లిన మనిషి.
డాక్టరు మాన్పించి ఏడాదిన్నర,
అప్పట్నుంచీ ఊరికే దవడ కదుపుతూ
అరుగు చివర కూర్చుంటోంది,
పోయినదేదో నోట్లోనే ఎక్కడో ఉన్నట్టు.

ఈనె పీకింది.
వేగిన కొస లోపలికి పెట్టుకుని
పెదవులు బిగించింది.
కరకర.
"కాలిందిరా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.
"బాగా కాలింది. ఇంకోటియ్యి."

నెలాఖరుకి ఆయన ఓడెక్కేశాడు.
పొట్టి గరిటెలతో నేనే చేస్తున్నాను.
సాయంత్రం అయితే చాలు,
అరుగు మీంచి వీధంతా వినబడేలా కేక:
"చుట్టలున్నాయంటే?"

పక్కింటి వీరమాణిక్యం గోడ మీంచి తొంగిచూసి
ముసల్దానికి మళ్ళీ అలవాటు చేశావా అని
బుగ్గలు నొక్కుకుంది.
చేశానన్నాను.
పూటకి రెండు.