బొగ్గులవాడి లెక్క

పిచించా కొండ వెనక వాలులో
ముప్పయ్యేళ్లు బొగ్గు కాల్చాను.
ఏ చెట్టు ఎన్ని బస్తాలో అడగండి, చెబుతాను.
ఏ చెట్టు మీద ఏ పిట్టో మాత్రం
అప్పట్లో చూడలేదు.
తలెత్తితే కళ్లలో పొగ.

ఇప్పుడు అదే అడవికి కాపలా.
రబ్బరు బూట్లిచ్చారు, నోటుపుస్తకమిచ్చారు.
రాత రాదన్నాను.
"గీత చాలు, పిట్టకో గీత" అంది పావ్లినా,
పిట్టల చదువు చదివిన పిల్ల.
నల్ల రొమ్ము కొలిబ్రి అట.
కాళ్లకు తెల్లటి దూది,
చలికి ఉన్ని మేజోళ్లు తొడిగినట్టు.
బరువెంత అన్నాను, పాత అలవాటు.
పన్నెండు మొక్కజొన్న గింజలంత.
నవ్వొచ్చింది. నా తక్కెడకి అది ఆనదు.

వానల నెలలు పోయాయి. గాలి నెల పోయింది.
పుస్తకం తెల్లగానే ఉంది.
హెనొవేవా పేజీలు తిరగేసి
"దీనికా జీతం?" అంది.
నిజమే,
లేనిదాన్ని లేదనడానికి గీత కూడా అక్కర్లేదు.

నిన్న మబ్బు మడమల దాకా దిగింది.
దారి తప్పి నా పాత బట్టీ గుంట దగ్గర తేలాను.
నేను నరికిన మోళ్లు
నాచు కప్పుకుని నన్ను గుర్తుపట్టనట్టే ఉన్నాయి.
బూడిదలోంచి లేచిన పొద,
దాని నిండా సన్నటి ఎర్ర గొట్టాల పూలు.
అక్కడ
గాలి ఒక్కచోట నిలబడి వణికింది.
నా మసే లేచి ఎగిరిందనుకున్నాను.
తర్వాత కాళ్లు చూశాను.

బొగ్గును పాలతో కడిగినా తెల్లబడదంటారు.
దీని కాళ్లు మాత్రం ఎవరు కడిగారో.

మూడు పూలు తాగింది.
నాలుగోది వదిలేసి
నా ఎర్ర ఉన్నిటోపీ కేసి వచ్చింది.
నుదుటికి బెత్తెడు దూరంలో రెక్కల గాలి.
పువ్వు కాదని తెలుసుకుని వెళ్లిపోయింది.
తిట్టి పోయినా బావుండేది.

జేబులో పెన్సిల్ లేదు.
గుంట అంచు గీరితే బొగ్గుముక్క దొరికింది,
నా చేతిదే, ఇన్నేళ్లకీ చెక్కుచెదరలేదు.
దాంతోనే గీశాను. ఒకటి.
కాస్త వంకరగా పోయింది.

ఎక్కడ, ఎక్కడ అని ఫోనులో అరిచింది పావ్లినా.
చెప్పాను.
అంత లోపలి చోటు నీకెలా తెలుసని
అడగలేదు. రేపు వస్తానంది.

హెనొవేవా వేణ్ణీళ్లు పెట్టింది.
గోళ్ల సందుల్లో మసి
గీకుతూ కూర్చున్నాను, చాలాసేపు.